వెండి రూపాయలు ఇచ్చి మంచి నాణెం తీసుకునేవాళ్లకు: ఈ నెల నుంచి మా కొట్టులో మారినవి

చెన్నై షావుకారుపేటలో మా పాత నాణేల కొట్టుకు వచ్చే పాత కస్టమర్లకూ, ఫోన్లో ఫొటోలు పంపి బేరం చేసే కొత్తవాళ్లకూ నమస్కారం. కొన్ని నెలలుగా అందరూ అడుగుతున్నది ఒకటే. "వెండి ఇంత పెరిగింది కదన్నా, మా దగ్గరున్న బ్రిటిష్ కాలం వెండి రూపాయలన్నీ ఇచ్చేస్తాం, ఒక మంచి నాణెం ఇవ్వండి, ఎంత కడతారు?" ఒక్కొక్కరికి ఒక్కోసారి చెప్పడం కంటే అందరికీ ఒకేచోట, ఏదీ దాచకుండా రాయడం మేలనిపించింది. మార్పిడి పద్ధతి ఈ నెల నుంచి మారుస్తున్నాను. అందులో మీకు నచ్చేవీ ఉన్నాయి, నచ్చనిదీ ఒకటి ఉంది.

నచ్చనిదే ముందు చెప్తాను. ఇకపై ఏ మార్పిడిలోనైనా మామూలు వెండి రూపాయలు సగం విలువ వరకే తీసుకుంటాను. ఇరవై వేల నాణెం కావాలంటే పది వేల వరకు మామూలు రూపాయలు ఇవ్వొచ్చు. మిగతా పది వేలకు వేరే మంచి నాణెం ఇవ్వాలి, లేదా డబ్బు కట్టాలి. ఇన్నాళ్లూ ఈ హద్దు లేదు.

కారణం దాచేదేం లేదు. 2025లో వెండి కిలో లక్షన్నర దాటాక బీరువాల్లోంచి, పూజ గదుల్లోంచి రూపాయలు బయటికొచ్చాయి. వచ్చినవన్నీ తీసుకున్నాను. కరిగించేవాళ్లకు అమ్మితే మర్నాటికే డబ్బు చేతికొస్తుంది. ఈ వీధుల్లో ఆ పని చేసేవాళ్లకు కొదవ లేదు. కానీ చదవడానికి తేదీ, చూడడానికి మొహం మిగిలున్న నాణేన్ని నేను కొలిమికి పంపను. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసుకోవడానికి, పెళ్లిలో ఇవ్వడానికి తీసుకునే కుటుంబాలకే అమ్ముతాను. అది శ్రావణంలో జోరుగా, మిగతా నెలల్లో నెమ్మదిగా సాగే అమ్మకం. పెట్టుబడంతా అందులోనే ఇరుక్కుపోతే, మీరు అడిగే మంచి నాణేలు వేలంలో పాడడానికి నా చేతిలో పైసా ఉండదు. మీకు పనికొచ్చే కొట్టుగా ఉండాలంటే ఈ హద్దు తప్పదు.

ఇక లెక్క. బ్రిటిష్ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత తులం. అందులో 91.7 శాతం వెండి. కాబట్టి అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. గ్రాము 150 రూపాయలనుకుంటే లోహం విలువే 1,600 పైచిలుకు. 1940 నుంచి 1945 దాకా కొట్టిన ఆరో జార్జ్ రూపాయికి ఈ లెక్క కుదరదు. యుద్ధకాలంలో వెండి సగానికి తగ్గించారు. బరువు అంతే, వెండి మాత్రం 5.83 గ్రాములే. అదే రేటుకు 875 రూపాయలు. 1947 రూపాయిలో వెండే లేదు, పూర్తిగా నికెల్. వెనక పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఈ మూడు రకాలూ ఒకే డబ్బాలో పోసి "ఇన్ని రూపాయలున్నాయి, లెక్కపెట్టి చెప్పండి" అంటే లెక్క కుదరదు. నేను మీ ముందే మూడు గుట్టలుగా వేరుచేస్తాను. మార్పిడికైతే ఆ రోజు వెండి రేటు పూర్తిగా కడతాను, తరుగు తీయను. డబ్బే కావాలంటే ఐదు శాతం తగ్గుతుంది.

నేను ఒకటే బతిమాలుతున్నాను. కాటా మీద పెట్టకముందు తేదీ చూడండి. వెండి రేటు పెరిగినప్పుడు జరిగే అసలు నష్టం ఇదే. మంచి నాణెం, మామూలు నాణెం ఒకే గుట్టలో పడి, ఒకే రేటుకు పోతాయి. విక్టోరియా రూపాయల సంగతే చూడండి. 1862 అని ఉన్నది చాలామంది ఇళ్లల్లో ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. కానీ 1862 తర్వాత 1873 దాకా కొట్టినవాటి మీద కూడా ఆ తేదీనే ఉంచారు. ఏటికేడు తేదీ వేయడం 1874లోనే మొదలైంది. మధ్య ఏళ్లలో కొట్టినవాటికి వెనకవైపు సన్నటి చుక్కలుంటాయి. ఆ చుక్కలు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. చాలా చిన్నవి, పది రెట్ల భూతద్దం కింద, దీపాన్ని పక్కకు వంచి పట్టుకుంటే బాగా కనిపిస్తాయి. చేత్తో తడిమితే తెలియవు. మొన్న పెరంబూరు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ డబ్బా తెచ్చింది. అందులో ఒకదాన్ని మామూలు 1862 అనుకుని అమ్మేవాటిలో పెట్టింది కూడా. దీపం వంచి చూస్తే తేదీ కింద చుక్కలు వరుసగా కనిపించాయి. ఆ ఒక్కటి నేను గుట్టలో కలపకుండా వేరే కవర్లో పెట్టి, కవరు మీద రాసి తిరిగి ఆమె చేతికే ఇచ్చాను. అమ్మాలా వద్దా అన్నది ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నాను.

1911 రూపాయి గురించి కూడా ఓ మాట. ఐదో జార్జ్ మొదటి ఏడాది కొట్టిన రూపాయిలో రాజు వేసుకున్న హారంలో ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడి అది పందిలా ఉందని జనంలో గొడవ లేచింది. సుమారు 94 లక్షలు కొట్టినా, 7 లక్షలే బయటికొచ్చాయి, మిగతావి కరిగించేశారు. మరుసటి ఏడాది ఏనుగును సరిదిద్దారు. కథ బాగుంటుంది కాబట్టి ఈ నాణేన్ని అందరూ అడుగుతారు. నా అభిప్రాయం అడిగితే, అరిగిపోయిన 1911కి పెట్టే డబ్బుతో అంతకంటే అరుదైన మరో తేదీని మంచి కండిషన్లో కొనుక్కోవచ్చు. అయినా అదే కావాలంటే తప్పకుండా ఇస్తాను. ఏనుగు స్పష్టంగా కనిపించేదే తీసుకోండి. ఏనుగు అరిగిపోయిన 1911ని ఎక్కువ పెట్టి కొనడంలో అర్థం లేదు.

1939 తేదీ ఉన్న రూపాయి ఎవరు తెచ్చినా, సర్టిఫికెట్ లేకుండా ధర కట్టను. అది నిజంగా అరుదు, అందుకే తేదీ అంకె మార్చి తయారుచేసినవి తిరుగుతున్నాయి. నాణేలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా కంపెనీలు ఎన్‌జీసీ గానీ పీసీజీఎస్ గానీ సీల్ చేసి ఇచ్చిన డబ్బాలో ఉంటేనే మాట్లాడదాం. తెచ్చినవారి మీద అనుమానం కాదు, వాళ్లకు అమ్మినవాళ్లు ఎవరో మనకు తెలియదు కదా.

మీ దగ్గర నేనే అమ్మిన నాణేలుంటే వాటికి వేరే లెక్క. ఈ రోజు నేను ఆ నాణేన్ని ఎంతకు అమ్ముతానో అందులో 80 శాతం మార్పిడిలో కడతాను, డబ్బుగా అయితే 70 శాతం. కండిషన్ మారకుండా ఉండాలి. మా చేతిరాతతో ఉన్న కవరు ఉంటే ఇంకా మంచిది. ఆ 20 శాతం ఎక్కడికి పోతుందని చాలామంది అడుగుతారు, అడగడం సబబే. అద్దె ఉంది, వేలం కంపెనీలకు కట్టే కమిషన్ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ రోజు మీ దగ్గర తీసుకున్నది ఎప్పుడు అమ్ముడుపోతుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని ఒక నెలలోనే పోతాయి, కొన్ని ఏళ్ల తరబడి ట్రేలోనే ఉంటాయి. దేనికి ఎంత సమయం పడుతుందో చూసి కొందరి దగ్గర 85 దాకా ఇచ్చిన రోజులున్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో రేటు అన్నది ఇక వద్దనుకున్నాను. ఇకపై అందరికీ 80.

ఈ 80 శాతం వర్తించని నాణెం ఒకటుంది, అది తోమిన నాణెం. దీనికి నేను నిజంగా బాధపడతాను. మన ఇళ్లల్లో వెండిని విభూదితో, రాగిని చింతపండుతో తోమడం మంచి అలవాటు, పూజ సామాన్లకైతే. నాణేనికి కాదు. వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన నలుపు నాణేన్ని కాపాడుతుంది, కొనేవాళ్లకు అది నాణెం నిజమైనదన్న నమ్మకం కూడా. తోమగానే మెరుస్తుంది, కానీ భూతద్దం కింద చెంప మీద, మెడ మీద సన్నగీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. ఆ గీతలు ఇక పోవు. రాగి నాణేల మీది చిలుము కూడా నన్ను అడక్కుండా తీయొద్దు. హారం కోసం కొండీ పెట్టించి తర్వాత ఊడదీసిన నాణేలూ అంతే. పైఅంచున అతుకు మచ్చ మిగిలిపోతుంది. అలాంటివాటికి లోహం ధరే. నాయనమ్మ గుర్తుగా ఉంటే అసలు అమ్మకండి, హారంగానే ఉంచుకోండి, దాని విలువ నా కొట్టులో కట్టేది కాదు.

మార్పిడి ఎందుకు చేయాలో ఒక్క ఉదాహరణ చెప్తాను. చూళైలో ఉండే ఒక మాస్టారు ఏళ్లుగా మా దగ్గర విక్టోరియా రూపాయలు కొంటూ వచ్చారు. ఒకే తేదీవి మూడు, నాలుగు ఉండేవి. వెండి పెరిగాక వాటి విలువ పెరిగింది, కానీ మద్రాసు ప్రెసిడెన్సీ నాణేల ధరలు వెండి రేటును పట్టి పెరగవు, అవి దొరకడం, దొరక్కపోవడాన్ని బట్టి ఉంటాయి. డూప్లికేట్లన్నీ ఇచ్చి ఆయన ఒక పావు పగోడా తీసుకున్నారు. 1807 తర్వాత మద్రాసు టంకశాలలో కొట్టిన వెండి నాణెం. ముందువైపు నక్షత్రాల మధ్య గుడి గోపురం, వెనక తామరలోంచి లేచిన విష్ణువు, చుట్టూ తమిళ అక్షరాలు, తెలుగు అక్షరాలు. అర పగోడాల్లో కొన్నింటికి స్పానిష్ డాలర్ మీదే ముద్ర కొట్టారు, అడుగు ముద్ర ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి. తెలుగువాళ్లు నాణేలు సేకరిస్తూ ఈ ఊళ్లోనే కొట్టిన తెలుగు నాణెం ఒక్కటైనా చూడకపోతే ఎట్లా అని నేను అందరికీ చెప్తుంటాను. కొనకపోయినా పర్లేదు, ఎగ్మూరు మ్యూజియంలో నాణేల విభాగం చూసి రండి. తెలుగు అక్షరాలు చదవగలిగేంత బాగున్నది దొరికేదాకా మాస్టారు ఆగారు, మొదట నేను చూపించిన రెండింటినీ వద్దన్నారు. ఆ ఓపికే కలెక్షన్‌ను పైకి తెస్తుంది. పది సాధారణమైనవి ఇచ్చి ఒక మంచిది తీసుకున్నాక మళ్లీ ఆ పది గుర్తుకురావు.

కొన్ని చిన్న విషయాలు. వైష్ణోదేవి ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలొస్తాయన్న వీడియోలు చూసి ఇంకా ఫోన్లు వస్తున్నాయి. 2012లో అవి పెద్ద సంఖ్యలో వచ్చాయి, వాటికి లక్షలు రావు. ముందు కొంత ఫీజు కట్టమంటే అస్సలు కట్టకండి. తమ పేరు చెప్పి పాత నోట్లు, నాణేల మీద ఫీజులు, కమిషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపిస్తారా అని అడిగేవాళ్లకు కూడా ఒకే జవాబు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. పంపను, మీరు కూడా సూట్‌కేసులో పెట్టకండి. పొలంలో దొరికిందని చెప్పిన నాణెం తీసుకోను. దాన్ని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెప్తోంది, అది ఇప్పటికీ అమల్లోనే ఉంది.

మార్పిడికి శనివారం మధ్యాహ్నం రండి, మిగతా రోజుల్లో కూర్చుని ఒక్కొక్కటీ చూసేంత తీరిక ఉండదు. ముందురోజు ఫోన్ చేస్తే మీకు కావలసిన తేదీలు ట్రేలోంచి తీసి ఉంచుతాను. నాణేలు కడక్కుండా, తుడవకుండా, ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. మీరు రాసుకున్న కొనుగోలు చీటీలుంటే అవి కూడా పెట్టుకోండి. ఇప్పుడు ట్రేలో 1840 విక్టోరియాలు కొన్ని, పావు పగోడాలు రెండు ఉన్నాయి. పగోడాల్లో ఒకదానికి తెలుగు వైపు బాగా ఉంది, గోపురం వైపు కొంచెం అరిగింది. ధర అందుకు తగ్గట్టే పెట్టాను.