వెబ్‌సైట్ నిధి: జమా ఖర్చుల వివరణ

మన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వెబ్‌సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చడానికి వసూలైన చందాల లెక్క ఇది. ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాం. ఉచితంగా హోస్టింగ్ (సైటు ఉంచుకునే చోటు) దొరుకుతుంటే డబ్బు ఎందుకు తగలేశారని కొందరు అడిగారు. అడగడం న్యాయమే. "పాత చోటా కొత్త చోటా అద్దె కట్టామంటున్నారు, మధ్యలో ఎవరు తిన్నారు" అనేదాకా వెళ్లక్కర్లేదు.

జమ

వ్యక్తుల చందాలు: మొత్తంలో ముప్పావు వంతు. మిగతాది కిందటి నిల్వ. ఇచ్చినవాళ్లందరికీ, పేరు వద్దన్న దాతకు కూడా, కృతజ్ఞతలు.

రాయించి ఇంకా ఇవ్వనివి: నాలుగు. పేర్లు వేయడం లేదు. రెండుసార్లు గుర్తు చేశాం. ఖర్చుల మీద అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆ నలుగురిలో ఇద్దరే, అది మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

ఖర్చు

1. డొమైన్ (సైటు చిరునామా) రెన్యూవల్, రెండేళ్లకి. రసీదు ఉంది.

2. సైటుకి సురక్షిత కనెక్షన్ కోసం సర్టిఫికెట్: ఖర్చు లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది. 90 రోజుల గడువు దాటకముందే దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టాం.

3. సాఫ్ట్‌వేర్: ఖర్చు లేదు. వర్డ్‌ప్రెస్ నుంచి హ్యూగోకి మారాం, రెండూ సైటు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్లే. వర్డ్‌ప్రెస్ మీద కోపమేమీ లేదు, రాసేవాళ్లకి అదే సుఖం. కానీ సైటు చూసేది తీరిక లేని ఇద్దరు వాలంటీర్లు. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీ భాష 7.4 వెర్షన్‌కి 2022 నవంబరులో మద్దతు ఆగిపోయినా, ఒక పాత ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు భాగం) ఎక్కడ చెడిపోతుందోనన్న టెన్షన్‌తో 8కి వెళ్లలేక కూర్చున్నాం. హ్యూగోలో డేటాబేసే ఉండదు, పేజీలన్నీ ముందే ఫైళ్లుగా తయారై ఉంటాయి. దీనివల్ల అనువాదకులు గిట్ (ఫైళ్లలో మార్పులు నమోదు చేసే సాధనం) నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్ల విసుగు అర్థమైంది.

4. కొత్త సర్వర్ అద్దె, మూడు నెలలు దాంతోపాటు పాత హోస్టింగ్ అద్దె కూడా. గొడవంతా దీని మీదే.

మేమూ మొదట ఫైళ్లుగా ఉన్న సైట్లను ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లోనే పెడదామనుకున్నాం. సైటు 1 జీబీ దాటకూడదు, చూసేవాళ్ల వాడకం నెలకి 100 జీబీ దాటకూడదు అంటారు. మనది అందులో ఒక మూలకి రాదు. అంతా సిద్ధం చేశాక ఒక సభ్యుడు తన కంప్యూటర్లో మాత్రం డొమైన్‌ని కొత్త చోటికి తిప్పుకుని, మన సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ తెరిచి 'సహాయం' బటన్ నొక్కాడు. ఇన్‌స్టాలేషన్ పేజీ రావాలి, హోమ్ పేజీ వచ్చింది. ఇంకో చోట నొక్కినా హోమ్ పేజీయే.

ఆ బటన్లలో ఉన్నవి వర్డ్‌ప్రెస్ పాత తరహా లింకులు: చివర ప్రశ్నార్థకం, తర్వాత పేజీ నంబరు. ఫైళ్లు మాత్రమే ఇచ్చే చోట ప్రశ్నార్థకం తర్వాత ఏముందో చూడరు. సర్వర్ వైపు దారి మళ్లించే వీలు గిట్‌హబ్ పేజెస్‌లో లేదు. అది వాళ్ల తప్పు కాదు, అలాంటి లింకులు పెట్టింది మనమే. ఇప్పటికే జనం కంప్యూటర్లలో ఉన్న వెర్షన్లను మనం వెళ్లి మార్చలేం కదా. అందుకే చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని, పేజీలు అందించే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఏ నంబరు ఏ కొత్త పేజీకి వెళ్లాలో పట్టిక పెట్టాం. ఆ పట్టికంతా ఒక సభ్యురాలు ఉద్యోగం అయ్యాక రాత్రుళ్లు కూర్చుని చేత్తో రాసింది. ఒక్కో లింకూ నొక్కి చూసింది. రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా పాత హోస్టింగ్ మూసేస్తే సహాయం పేజీలన్నీ పోయేవి.

మూడో నెల మాత్రం మా అజాగ్రత్తే. పాతదాని ఆటో రెన్యూవల్ ఆపడం మరిచిపోయాం. డబ్బు కట్ అయిన మర్నాడు చూసుకున్నాం, వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. ఆ నెల అద్దెని కమిటీ సభ్యుడొకరు సొంత జేబులోంచి వేశారు, పైన చందాల్లో కలిపి చూపించాం.

ఏడాదికి ఒకేసారి కడితే తక్కువ పడేది కదా అనేవాళ్లకి: నిజమే. రాయించిన నాలుగు చందాలూ వచ్చి ఉంటే అలాగే కట్టేవాళ్లం. ఇప్పుడు నెలనెలా కడుతున్నాం.

నిల్వ

ఇంకో ఐదు నెలల సర్వర్ అద్దెకి సరిపోతుంది. బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా అడిగి చూడొచ్చు.