బోనాలప్పుడు వినికిడి టెస్ట్ చేయించుకున్నవాళ్లు మళ్లీ ఒకసారి రండి

నమస్కారం. సైదాబాద్‌లోని మా క్లినిక్‌లో లాల్‌దర్వాజా బోనాల వారంలో 11 మంది వినికిడి పరీక్ష చేయించుకున్నారు. తొమ్మిది మంది ఇళ్లకు ఫోన్ చేసి మాట్లాడాను. మిగతా ఇద్దరి నంబర్లు కలవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మళ్లీ టెస్ట్ చేసి, చెవి మెషిన్ సెట్ చేసిస్తాను. డబ్బులేమీ తీసుకోను. తప్పు నాది.

కొత్త మెషిన్ పెట్టుకున్న వారానికే ఒక పెద్దాయన వచ్చి, "అమ్మా, కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది నా గొంతు నాకే" అన్నారు. కొత్తలో చాలామంది అనే మాటే. "అలవాటవుతుంది లెండి" అని పంపేశాను. నాలుగు రోజులకు ఇంకొకావిడ అదే మాటతో వచ్చారు. అప్పుడు గానీ ఇద్దరి ఆడియోగ్రామ్‌లూ (వినికిడి ఎంతుందో గీత గీసి చూపే రిపోర్ట్, గీత కిందికి ఉంటే వినికిడి తగ్గినట్టు) పక్కపక్కన పెట్టి చూడలేదు. వయసుతో వచ్చే చెవుడులో మామూలుగా ముందు తగ్గేది సన్నటి శబ్దాలు, 'స', 'ష' లాంటివి. వీళ్లిద్దరికీ మొద్దు శబ్దాలుండే 250, 500 హెర్ట్జ్ దగ్గర కూడా గీత బాగా కిందికి ఉంది.

టెస్ట్ చేసే బూత్‌లోకి, అంటే బయటి శబ్దం రాకుండా కట్టిన చిన్న గదిలోకి వెళ్లి చూస్తే, తలుపు చుట్టూ ఉండే రబ్బరు కింది మూలన అరిగి వేలు దూరేంత సందు! గల్లీలో డప్పులు మోగుతుంటే ఆ దడదడ లోపలికి వచ్చేసింది. అందులో చిన్న బీప్ వినపడక వాళ్లు బటన్ నొక్కలేదు. నేనేమో వినికిడి అంత తగ్గిందనుకుని మెషిన్‌లో మొద్దు శబ్దాలు పెంచేశాను. డప్పులు నాకూ వినిపిస్తూనే ఉన్నాయి. బూత్ ఉంది కదా అన్న ధీమా. డప్పులవాళ్లను అనడానికేం లేదు, ఆ ఆదివారం నేనూ బోనమెత్తాను.

రబ్బరు మార్పించాం. పెద్దాయనకు మళ్లీ చేస్తే, 500 హెర్ట్జ్ దగ్గర 55 డెసిబెల్స్ ఉన్నది 35కి వచ్చింది, అంటే అంత చిన్న శబ్దం కూడా వినిపిస్తోంది. ఇకమీదట గల్లీలో ఊరేగింపు ఉంటే టెస్ట్ పెట్టుకోను. వినాయక నిమజ్జనం రోజుకు అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లు ఇంకో రోజు చెప్పండి.

ఆపరేషన్ చేసి చెవిలో ఇంప్లాంట్ పెట్టించిన పిల్లల అమ్మలు టెన్షన్ పడొద్దు. మ్యాపింగ్, అంటే ఇంప్లాంట్ సెట్ చేయడం, మీ ఆసుపత్రిలోనే చేస్తారు, దానికీ దీనికీ సంబంధం లేదు. థెరపీ టైమింగ్స్ అవే. పొద్దున్నే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని 'ఆ, ఊ, ఈ, ష్, స్, మ్' అని, పిల్లలకు వినిపిస్తోందో లేదో చెక్ చేయడం మాత్రం మానకండి.

వచ్చేటప్పుడు మెషిన్, పాత రిపోర్ట్ తెచ్చుకోండి. ఇంట్లోవాళ్లు ఒకరు తోడు వస్తే మంచిది. ఆదివారం సెలవు.