మాస్కు బొమ్మల్లో పడి మీ ఆర్డర్లు ఆలస్యం చేశాను

మన దగ్గర పోర్ట్రెయిట్లు వేయించుకునే అందరికీ నమస్తే. ఈ నెల ఏడుగురికి బొమ్మలు ఆలస్యంగా అందాయి, ఇద్దరికి ఇంకా అందనేలేదు. కొరియర్ మీదకు నెట్టేయొచ్చు గానీ తప్పు నాదే. రాత్రిళ్లు సూపర్‌హీరో కామిక్స్ చదువుతూ, ఆ హీరోల బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాను.

ఇదంతా మీలో ఒకరి ఆర్డర్‌తోనే మొదలైంది. పుట్టినరోజుకు వాళ్లబ్బాయిని స్పైడర్‌మ్యాన్ డ్రెస్‌లో వేసిమ్మన్నారు. ఎరుపు, నీలం, పైన నల్లగీతలు, ఇంతేగా అనుకుని వేసి పంపాను. "ఆంటీ, ఇది సాలెగూడు కాదు, దోమతెర" అని వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. చూసుకుంటే వాడన్నదే కరెక్టు. నేను అడ్డంగా నిలువుగా గళ్లు కొట్టేశాను. అసలైతే గీతలన్నీ రెండు కళ్ల మధ్య ఒక చుక్క దగ్గర పుట్టి ముఖమంతా విచ్చుకోవాలి. వాటిని కలిపే చిన్న గీతలు వదులైన దండెం తాడులా ఆ చుక్క వైపు వంగాలి. తల పక్కకు తిప్పితే చుక్క కూడా జరగాలి. ఆ ఒక్క తల నాలుగుసార్లు చెరిపాను.

మొదటి సంచిక నుంచి వరుసగా చదువుదామనుకోవడం ఇంకో పొరపాటు. సూపర్‌మ్యాన్ 1938 నుంచి, బ్యాట్‌మ్యాన్ 1939 నుంచి వస్తున్నారు, ఎప్పటికి తెములుతుంది? ఒక కథంతా ఒకే పుస్తకంగా కట్టిన సంపుటాలుంటాయి. కొత్తవాళ్లకు వాటిలో ఒకటి చాలు. అర్థంకాని పాత సంగతులొస్తే వదిలేసి ముందుకెళ్లడమే.

నన్ను పట్టేసింది మాత్రం 1962లో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన కథ. 11 పేజీలే. స్టాన్ లీ రాస్తే స్టీవ్ డిట్కో బొమ్మలు వేశారు. కుర్రాడి ముఖం పూర్తిగా కప్పేశారు. నోరు కనపడదు, కళ్లున్నచోట రెండు తెల్లటి అద్దాలు, అంతే. నేనేమో ముఖాలు వేసి బతికేదాన్ని. కంటిలో ఒక తెల్లచుక్క, పెదవి చివర చిన్న వంపు పెట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను, భుజాల కింద ఏముందో పెద్దగా పట్టించుకున్నది లేదు. ఇక్కడ భయమైనా అలసటైనా మెడలో, వేళ్లలో, మోకాళ్లలో కనపడాలి. నా మొదటి ఇరవై బొమ్మలూ బట్టల షాపులో నిలబెట్టే బొమ్మల్లా వచ్చాయి. పైగా మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలైతే, హీరోలను ఎనిమిది తలలో ఇంకా ఎక్కువో వేస్తారట. అది తెలియక వేసిన నా బ్యాట్‌మ్యాన్ దుప్పటి కప్పుకున్న పెద్దమనిషిలా ఉన్నాడు.

ఇక డబ్బు సంగతి. ఆ బొమ్మలు స్టేటస్‌లో పెట్టగానే మగ్గుల మీద, టీషర్టుల మీద ప్రింట్ వేసిమ్మన్నారు. ఆశపడి నలుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను. తీసుకోకూడదు. స్పైడర్‌మ్యాన్ మార్వెల్ వాళ్లది, బ్యాట్‌మ్యాన్ డీసీ వాళ్లది. సరదాకు వేసుకోవడం వేరు, అనుమతి లేకుండా ప్రింట్ కొట్టి అమ్మడం వేరు. "అందరూ అమ్ముతున్నారుగా" అన్నారు ఒకరు. అమ్ముతున్నారు, నిజమే. కానీ పోయినేడు నా బొమ్మ ఒకటి అడక్కుండా క్యాలెండర్ మీద వేసుకుంటే నేనెంత గోల చేశానో మీరు చూశారు. ఆ నలుగురి అడ్వాన్స్ ఈ శనివారంలోగా వెనక్కి వేస్తున్నాను. దోమతెర బొమ్మకు తీసుకున్న డబ్బూ అందులోనే. బొమ్మ వాడి దగ్గరే ఉంటుంది.

మిగిలిన రెండు పోర్ట్రెయిట్లు మంగళవారం బయల్దేరతాయి. ఫ్యాన్ ఆర్ట్ ఇక ఆదివారాలే. అది అమ్మకానికి కాదు, నా చేయి తిరగడానికి. సూపర్‌హీరో బొమ్మే కావాలంటే మీ పిల్లలు సొంతంగా ఊహించుకున్న హీరోను వేసిస్తాను. పేరు, రంగులు, ఛాతీ మీద గుర్తు వాళ్లే చెప్పాలి. నిలువెత్తు బొమ్మ కాబట్టి రెండు వారాలు పడుతుంది, తొందర పెట్టకండి.

మొదటి ఆర్డర్ ఆ దోమతెర బాబుదే. వాడి హీరోకు కేప్ వద్దట, జేబులు మాత్రం ఆరుండాలట. అయిదు పెట్టాను. ఆరోది ఎక్కడో వాడింకా తేల్చలేదు.