లీగులు, బారలు, మనం, మేం

అమ్మలూ,

జూల్ వెర్న్ జలాంతర్గామి నవలను నేరుగా ఫ్రెంచి నుంచే తెలుగు చేయాలన్న నీ నిర్ణయం నాకు చాలా నచ్చింది. అడ్డం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు పుస్తకం తెరవాలనిపిస్తుంది. ఏ ఇంగ్లీషు పుస్తకమన్నది ముందు చూసుకో. 1870ల మొదట్లో లూయిస్ మెర్సియర్ చేసిన అనువాదమే ఇప్పటికీ ఎక్కువగా దొరుకుతుంది. అందులో మూలంలోని ఐదో వంతుకు పైగా ఎగిరిపోయింది. మిగిలినదాంట్లోనూ తప్పులున్నాయి. నెబ్రాస్కాలోని 'మోవేజ్ తేర్' అంటే బీడు లోయల ప్రాంతం, అమెరికన్లు బ్యాడ్‌లాండ్స్ అనేది. ఆయన దాన్ని 'నచ్చని ప్రాంతం' చేశాడు. 'స్కాఫాండ్ర్' ఈ నవలలో సముద్రం అడుగున నడవడానికి వేసుకునే దుస్తులు. ఆ మాటకు అంతకు ముందు కాలంలో ఈతకు వేసుకునే బెండు చొక్కా అనే అర్థం ఉండేది, ఆయన అదే రాశాడు. బెండు కట్టుకున్నవాడు పైకి తేలతాడు తప్ప అడుగున నడవలేడు కదా! రాసిన వాక్యం నీళ్లలో నిలుస్తుందా అని ప్రతిచోటా చూసుకో.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. ఉక్కు సాంద్రతను వెర్న్ 'ఏడు, ఎనిమిది పదోవంతులు' అని మాటల్లో రాశాడు, అంటే 7.8. మెర్సియర్ ఆ కామాను 'నుంచి' అనుకుని 0.7 నుంచి 0.8 అన్నాడు. అలాంటి ఉక్కు నీళ్ల మీద చెక్కలా తేలుతుంది. మూలంలోనూ ఒక తేడా ఉంది. నవలలోని జలాంతర్గామి నాటిలస్ పొడవు 70 మీటర్లు, గరిష్ఠ వెడల్పు 8 మీటర్లు, ఘనపరిమాణం 1500.2 ఘనపు మీటర్లు అని ఉంటుంది. పడవ తేలుతున్నప్పుడు పదింట తొమ్మిది వంతులు నీళ్లలో ఉండాలి, అది 1356.48 ఘనపు మీటర్లు అంటాడు. మిగతా పదో వంతుకు సరిపడా నీళ్లు పట్టే తొట్లు 150.72 టన్నులు, అంటే అన్ని ఘనపు మీటర్ల నీళ్లే. ఈ రెండూ కలిపితే 1507.2 వస్తుంది, దానికి పదింట తొమ్మిది వంతులు సరిగ్గా 1356.48. కాబట్టి ఆ 1500.2 పొరపాటే. పాఠంలో దిద్దకుండా అలాగే ఉంచి, పేజీ కింద ఒక్క వాక్యంలో లెక్క చూపించు.

లీగును ఆమడ చేయకు. వెర్న్ లీగు 4 కిలోమీటర్లు. ఆమడ అంటే నాలుగు కోసులు, సుమారు ఎనిమిది మైళ్లు. నవల పేరులోని ఇరవై వేల లీగులు ప్రయాణించిన దూరం, లోతు కాదు. 80,000 కిలోమీటర్లంటే భూమి చుట్టూ రెండుసార్లు. నవలలో వాళ్లు దిగే అతి పెద్ద లోతే 16,000 మీటర్లు, నాలుగు లీగులు. అందుకే పేరు 'సముద్రాల కింద ఇరవై వేల లీగులు' అని ఉండాలి, 'సముద్రాల' అన్న బహువచనంతో సహా. 'బ్రాస్' వచ్చినచోట మాత్రం మన కోస్తా మాట 'బార' హాయిగా వాడు. రెండూ చాచిన చేతుల కొలతలే.

తెలుగు నీకు బాగా కలిసొచ్చే చోటు సేవకుడు కొన్సెయ్. అతను ప్రొఫెసర్ అరొనాక్స్‌తో ఎప్పుడూ ప్రథమ పురుషలోనే మాట్లాడతాడు, అది విసుగు పుట్టిస్తుందని అరొనాక్సే చెబుతాడు. ఇంగ్లీషులో అది బిగుసుకుపోయినట్టుంటుంది. మనకు 'అయ్యగారు' ఉంది. ఐతే 'మీరు వచ్చారు', 'అయ్యగారు వచ్చారు' రెండింటికీ క్రియ ఒకటే కాబట్టి తేడా సర్వనామంలోనే తెలియాలి. కొన్సెయ్ నోట 'మీరు', 'మీ' ఒక్కసారి కూడా రాకూడదు. 'అయ్యగారి టోపీ', 'అయ్యగారికి ఎలా తోస్తే అలా' అని పట్టుబట్టి వాడు. ఆ విసుగు పాఠకుడికీ కలగాలి. తిమింగలాల వేటగాడు నెడ్, కొన్సెయ్ ఫ్రెంచిలో ఒకరినొకరు 'వూ' (మీరు) అనుకుంటారు, కానీ తెలుగులో 'నువ్వు' పెట్టు. అంత దగ్గరి స్నేహితులు 'మీరు' అనుకుంటే ఆ చనువు కనబడదు. నాటిలస్ కెప్టెన్ నెమో, అరొనాక్స్ మధ్య చివరిదాకా 'మీరు'.

ఇంతకన్నా కష్టం 'నూ' అనే సర్వనామం. 'మనం', 'మేం' రెంటికీ ఫ్రెంచిలో అది ఒకటే, మనకు రెండు. పారిపోదామని నెడ్ అన్నప్పుడు 'మనం'. 'మమ్మల్ని వదలండి' అని నెమోని అడిగినప్పుడు నెమో అందులో లేడు, కాబట్టి 'మేం'. అరొనాక్స్ పాఠకుడికి చెప్పే కథంతా 'మేము'. నెమోతో కలిసి అడవిలా పెరిగిన సముద్రపు నాచుల మధ్య నడిచినప్పుడు ఆ 'మేము'లో నెమో కూడా చేరతాడు. ఒక్కచోట తప్పినా ఎవరు ఎవరి పక్షాన ఉన్నారో తారుమారవుతుంది.

బంగాళాఖాతంలో ఒక రాత్రి సముద్రం తెల్లగా మెరుస్తుంది. 'పాలసముద్రం' అని రాస్తే మనవాళ్లకు ఆదిశేషుడు గుర్తొస్తాడు. 'పాల రంగు సముద్రం' అను. పాలను మాత్రం వదలకు, ఈ నీళ్లు పాలైపోలేదు కదా అని కొన్సెయ్ అడుగుతాడు. కారణంగా అరొనాక్స్ సూక్ష్మజీవులను చెబుతాడు. ఈనాటి శాస్త్రం మెరిసే బ్యాక్టీరియా అంటుంది. అది పాఠంలో కాదు, పేజీ కింద రాయి.

సింహళం దగ్గర నెమో ముత్యాల కోసం మునిగే ఒక పేద భారతీయుణ్ని సొరచేప నుంచి కాపాడతాడు. అణగారిన దేశం వాడతను, చివరి శ్వాస దాకా నేనూ ఆ దేశం వాణ్నే అంటాడు. నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడన్న సంగతి 1874–75లో వచ్చిన వెర్న్ మరో నవల 'మిస్టీరియస్ ఐలండ్'లో గానీ బయటపడదు. మొదట వెర్న్ అతణ్ని రష్యా మీద పగబట్టిన పోలండ్ వాడిగా అనుకున్నాడు, ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. కాబట్టి ముందే తెలిసినట్టు అతని నోట రాజసభల సంస్కృతం పెట్టకు, ఏ దేశం వాడో తెలియని తెలుగు మాట్లాడించు.

మొదటి మూడు అధ్యాయాలు అయ్యాక పంపు. ప్రతి 'మనం' కింద ఎర్ర గీత, ప్రతి 'మేం' కింద నీలం గీత గీసి మరీ పంపు.

ప్రేమతో,
నాన్న