దేవుడి పేరు మీద ఓటు వేయించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెల మా పేటలో జరిగిన యువజన సభకు అతిథిగా వచ్చిన ఒక ప్రసంగీకుడు అమెరికా గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ దేశాన్ని క్రైస్తవులు క్రీస్తు కోసమే కట్టారట. దాని రాజ్యాంగం బైబిలులోంచే పుట్టిందట. అందుకే దేవుడు దాన్ని దీవించాడనీ, ప్రతి దేశంలోనూ ప్రభుత్వం అలాగే ఉండాలనీ చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న మా మనవడూ కొట్టాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జూలై 4తో 250 ఏళ్లు నిండుతాయి కనుక ఈ మాట చాలా వేదికల మీద వినబడుతుంది. నేను క్రైస్తవంలో ఒక శాఖ అయిన బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నదాన్ని. 31 ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. విన్నాక ఊరుకోవడం నా చేత కాలేదు.

ముందు మా నాన్నగారి సంగతి చెప్పనివ్వండి. ఆయన విశాఖ రేవులో కళాసీ. 1972లో ఒక ప్రమాదం కేసులో సాక్షిగా కోర్టుకు వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లారు. బోనెక్కగానే గుమాస్తా దేవుడి ఎదుట ప్రమాణం చేయమన్నాడు. నాన్న నోరు విప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డారు. గుమాస్తా గట్టిగా రెండోసారి చెప్పాడు. అప్పుడు, "అయ్యా, నేను ఒట్టు పెట్టుకోనండి. మా ప్రభువు వద్దన్నాడు. నిజమే చెబుతాను" అన్నారు. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఉన్న మాట అది. వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. "ఆయన చేత ప్రతిజ్ఞ చేయించండి" అన్నారు. దేవుడి పేరు లేని ఆ వాక్యాన్ని నాన్న ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పలికారు. ఇంటికి వస్తూ దారి పొడవునా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. దేవుడి పేరు చెప్పి తీరాలని చట్టం పట్టుబట్టి ఉంటే, దేవుడి మాట తప్పాల్సి వచ్చేది మా నాన్నే.

ఇదే వెసులుబాటు 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో ఉంది. అధ్యక్షుడు ప్రమాణమైనా చేయవచ్చు, ప్రతిజ్ఞ అయినా చేయవచ్చు. ఒట్టు పెట్టుకోవడం పాపమని నమ్మే క్వేకర్ల వంటి క్రైస్తవులు అప్పటికే అక్కడ ఉన్నారు. 1853లో ఫ్రాంక్లిన్ పియర్స్ అనే అధ్యక్షుడు ప్రతిజ్ఞే చేశారు. ఆ రాజ్యాంగం మొత్తం వెతికినా దేవుడి పేరు కనబడదు, చివర తేదీ వేసేచోట ఆనాటి వాడుక ప్రకారం "మన ప్రభువు సంవత్సరం" అని రాయడం తప్ప. ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పరీక్షించకూడదని ఆరో అధికరణం స్పష్టంగా చెబుతుంది. స్వాతంత్ర్య ప్రకటనలో సృష్టికర్త ప్రస్తావన ఉన్న మాట నిజమే. ఆ పెద్దల్లో గట్టి విశ్వాసులూ ఉన్నారు. అయితే ప్రభుత్వాన్ని నడిపే నియమాలు రాయడానికి కూర్చున్నప్పుడు వారు ఏ మత విశ్వాసాన్నీ అందులో పెట్టలేదు. అక్కడి నాణేల మీద, నోట్ల మీద మనం చూసే "దేవుణ్ణి నమ్ముతున్నాం" అన్న మాట జాతీయ నినాదమైంది 1956లో. విద్యార్థులు చేసే ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేరింది 1954లో. రెండూ దేవుణ్ణి కాదనే సోవియట్ యూనియన్‌తో పోటీ నడిచిన రోజుల్లో జరిగినవే.

మా బాప్టిస్టు పిల్లలకు ముఖ్యంగా తెలియాల్సింది వర్జీనియా కథ. స్వాతంత్ర్యానికి ముందు అమెరికాలోని ఆ ప్రాంతంలో ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు చర్చి, ప్రభుత్వ చర్చి. అనుమతిపత్రం లేకుండా ప్రసంగిస్తున్నారని బాప్టిస్టు బోధకులను జైళ్లలో వేశారు. కొందరు జైలు కిటికీ ఊచల వెనక నుంచే బయట గుమిగూడిన జనానికి సువార్త చెప్పారు. వారిని జైల్లో వేసింది ఏ నాస్తికులో, అన్యమతస్థులో అనుకునేరు. అదే బైబిలు చదివే క్రైస్తవ అధికారులు! ఆ తర్వాత క్రైస్తవ బోధకుల పోషణకు పన్ను వేయాలని పాట్రిక్ హెన్రీ అనే నాయకుడు ఒక బిల్లు తెచ్చారు. తమకూ వాటా వచ్చే అవకాశం ఉన్నా బాప్టిస్టులు దాన్ని వద్దన్నారు. 1785లో జేమ్స్ మాడిసన్ అనే మరో నాయకుడు దాన్ని ఖండిస్తూ విజ్ఞాపన రాశారు, బాప్టిస్టులు ఊరూరా సంతకాలు సేకరించారు. బిల్లు వీగిపోయింది. 1786లో థామస్ జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలన్న ప్రసిద్ధమైన మాటను 1802లో, అధ్యక్షుడిగా ఉండగా, జెఫర్సన్ రాసింది ఎవరికి? కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు. ఆ రాష్ట్రంలో వేరే చర్చికి ప్రభుత్వ ఆదరణ ఉండేది కనుక వారు ఆయనకు మొర పెట్టుకున్నారు. ఆ గోడ వల్ల మొదట ఊపిరి పీల్చుకున్నది మనవారే. దాన్ని పడగొట్టమని మన వేదిక మీద నుంచే ఎవరైనా అంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అంత దూరం ఎందుకు, మన విశాఖలోనే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. ఆనందరాయర్ అనే తోటివాని సాయంతో సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టారు. అప్పుడు పాలిస్తున్నది సాక్షాత్తూ ఇంగ్లండు చర్చికి అధిపతి అయిన రాజుగారి దేశపు ఈస్టిండియా కంపెనీ. అయినా 1813 దాకా మిషనరీలంటే కంపెనీకి గిట్టేది కాదు. వ్యాపారానికి అడ్డొస్తారని భయం. విలియం కేరీ వంటి మిషనరీలు బెంగాల్‌లో డేనిష్ పాలనలోని సీరాంపూర్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. పాలకుడు మన మతంవాడైతే చాలనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక అసలు సంగతి. ఎక్కువమంది క్రైస్తవులు కాబట్టి అమెరికా ప్రభుత్వం క్రీస్తుది అని మనం చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాక, ఎక్కువమంది హిందువులు కాబట్టి ఇక్కడి ప్రభుత్వం హిందూమతానిది అని రేపు ఒకరంటే మనం ఏ మొహంతో కాదంటాం? అది కూడా అదే తర్కం. అక్కడ తీపి, ఇక్కడ చేదు ఎలా అవుతుంది?

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ చిక్కు తెలుసు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో, రాజ్యాంగం ప్రవేశికను "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని హెచ్.వి.కామత్ అనే సభ్యుడు సవరణ తెచ్చారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బంది మాకు పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ ఆయన్ను వేడుకున్నారు. మన అంతరంగంలోని అతి పవిత్రమైన విషయాన్ని చర్చలోకి లాగడమే విచారకరమని హృదయనాథ్ కుంజ్రూ అన్నారు. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకించిన వారిలో భక్తులు లేరా? భక్తి ఉండబట్టే, దాన్ని చేతులెత్తి లెక్కపెట్టే వస్తువుగా మార్చవద్దన్నారు. అంతకు ముందు ఏడాది డిసెంబరులో మత ప్రచార హక్కు మీద చర్చ జరిగినప్పుడు దాని పక్షాన నిలిచినవారిలో కె.ఎం.మున్షీ, టి.టి.కృష్ణమాచారి ఉన్నారు. క్రైస్తవ విద్యాసంస్థల్లో దాదాపు 14 ఏళ్లు చదివినా తనను ఎవరూ మతం మార్చే ప్రయత్నం చేయలేదని కృష్ణమాచారి సభలో చెప్పారు. ఆ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. మతం పేరిట చట్టసభల్లో ప్రత్యేక సీట్లు వద్దనుకున్నారు ఆనాటి మన పెద్దలు. పొరుగువారి న్యాయబుద్ధిని నమ్మారు.

అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. అంటరానితనం మాత్రం పోదు, అది అతని వెంటే చర్చి గుమ్మం దాకా వస్తుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దక్కిన సవరణ వీరికి దక్కలేదు. 2023లో మన శాసనసభ దీనిపై తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. హక్కు ఇచ్చే ముందు నీ దేవుడెవరని ప్రభుత్వం అడగడం తప్పని ఈ విషయంలో వాదించే మనమే, మరో దేశంలో ప్రభుత్వం క్రీస్తు పక్షాన ఉండాలని ఎలా కోరతాం?

రేవు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మరియమ్మ గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి కోవెల. నాన్న పని చేసిన చోటు నుంచి మూడూ కనబడేవి. ఆ కొండలు ఎక్కేవారు భక్తులే. మూడింటిలో ఏది ఎత్తో తేల్చమని ప్రభుత్వాన్ని ఎవరూ అడగలేదు.

నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. ఆ వారం మా సంఘం యువజన కూడికలో ఒక గంట ఇవ్వమని పాస్టరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. 1949 అక్టోబరు 17 నాటి చర్చను మా మనవడు, వాడి స్నేహితులు తెలుగులో చదివి వినిపిస్తారు. రాజ్యాంగ సభ చర్చల్లో ఇలాంటి ముఖ్యమైన భాగాలను మీ పత్రిక ఆదివారం సంచికలో తెలుగు చేసి వరుసగా వేయాలని నా విన్నపం. చర్చిల్లోనే కాకుండా గుళ్లలో, మసీదుల్లో, కళాశాలల్లో చదువుకోవడానికి పనికొస్తాయి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం