శీనుగాడికి, తార్నాక నుంచి

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తడం లేదని నాలుగుసార్లు తిట్టావు కదా, అందుకే కూర్చుని రాస్తున్నా. ల్యాబ్‌లో చేరి మూడు నెలలైంది. అమ్మ ఊరంతా "మావాడు జీన్స్ మీద రీసెర్చ్ చేస్తున్నాడు" అని చెప్పుకుంటోంది. ప్యాంట్ల కంపెనీ అనుకున్నాడట మా పెదనాన్న. అదే నయం. నిజానికి పొద్దున్నే నా మొదటి పని, జనం డబ్బాల్లో ఇచ్చిన మలం తూచడం.

నవ్వావా? నవ్వు. మనిషి పేగుల్లో ఏయే బాక్టీరియా ఉన్నాయో అందులో చూస్తాం. పావు గ్రాము చాలు. సన్నటి పూసలున్న ట్యూబులో వేసి మిషన్‌లో గిలక్కొడతాం. కొన్ని బాక్టీరియాల గోడ మహా మొండిది, అలా బాదకపోతే పగలదు, లెక్కలోకీ రాదు. తర్వాత డీఎన్ఏ తీసి, 16ఎస్ అనే జీన్‌లో ఒక ముక్క చదివిస్తాం. జీన్ మొత్తం సుమారు 1500 అక్షరాలు. బాక్టీరియాలన్నిటికీ ఉంటుంది గానీ, 9 చోట్ల మాత్రం రకాన్ని బట్టి బాగా మారుతుంది. ఇంటిపేరు లాంటిదనుకో. ఏ కుటుంబమో తెలుస్తుంది, అన్నో తమ్ముడో తెలియదు. అది కావాలంటే డీఎన్ఏ అంతా చదివించాలి, ఖర్చెక్కువ.

మన కణాలకి పదింతలు బాక్టీరియా అని బట్టీ పట్టాం, గుర్తుందా? తప్పట. 2016లో మళ్లీ లెక్కేస్తే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు 30 లక్షల కోట్లు అని తేలింది. ఆ బాక్టీరియా అంతా కలిపి తూస్తే సుమారు 200 గ్రాములు.

ఇక నా ఘనకార్యం విను. మలంలో బాక్టీరియా కుప్పలుతెప్పలు, బయటి మురికి కొంచెం కలిసినా తేడా పెద్దగా తెలియదు. పేగు గోడ నుంచి తీసిన బయాప్సీ ముక్క అలా కాదు, అందులో బాక్టీరియా బహు తక్కువ. అందుకని ప్రతి బ్యాచ్‌లో శాంపిల్ వెయ్యని ట్యూబొకటి పెట్టి, దానికీ అన్ని పనులూ చెయ్యాలి. అందులో ఏం కనబడితే అది బయటి మురికే అన్నమాట. ఖాళీదానికి అంత మర్యాద ఎందుకని నేను ఎగ్గొట్టాను. రిజల్ట్స్‌లో రాల్‌స్టోనియా అనే బాక్టీరియా ఒకటి కనబడింది. కొత్తది దొరికిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున సీనియర్ అక్క చూసి, "ఇది నీళ్లలో, డీఎన్ఏ తీసే కిట్లలో ఉండేదే. నీ ఖాళీ ట్యూబ్ ఏది?" అంది. ఏం చెప్పను? ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేశారు. పేషెంట్లు ఒప్పుకుని ఇచ్చిన ముక్కలురా అవి, మళ్లీ ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? ఎవరూ గట్టిగా తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

అన్నట్టు, నీ మెడికల్ షాపుతో కూడా నాకో గొడవుంది. మూడు నెలల్లో ఆంటీబయాటిక్ వాడినవాళ్లని మేం స్టడీలోకి తీసుకోం. అడిగితే అందరూ "అబ్బే, లేదు" అంటారు. కాసేపాగి, "జలుబు చేస్తే షాపులో రెండు మాత్రలిచ్చాడు, అవీ లెక్కేనా?" అంటారు. జలుబు వైరస్‌తో వస్తుందిరా, ఆ మాత్రలు దాన్నేం చెయ్యవు. చచ్చేది పేగుల్లో ఉన్నవే. ఇవ్వకపోతే గిరాకీ పక్క షాపుకి పోతుందంటావు. తెలుసు. అయినా చీటీ లేకుండా ఇవ్వకు.

చద్దన్నం గురించి నువ్వు పంపిన వీడియో చూశాను. నాకూ ఇష్టమే, కానీ దానితో షుగర్ పోతుందన్న మాట మాత్రం ఇంకెవరికీ పంపకు.

సంక్రాంతికి వస్తున్నా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిల్స్ తక్కువపడ్డాయి. నీకో డబ్బా తెస్తాను, మూత గట్టిగా బిగించి ఇవ్వు.

నీ
రవి