ట్యూబు మా దగ్గర, లేజర్ వాళ్ల దగ్గర

సంపాదకుడు గారికి నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో 'మొటిమల గుంటలు మాయం, ఒక్క సిట్టింగ్‌లోనే తేడా' లాంటి ప్రకటనలు మొదలవుతాయి. వాటి గురించే ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాను. ఖమ్మంలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. తప్పులో నా వాటా కూడా ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

'అంకుల్, మొహానికి ఆ ట్యూబు ఇవ్వండి' అంటూ కాలేజీ పిల్లలు రోజూ వస్తారు. పేరు కూడా చెప్పరు, ఫోన్లో ఫొటో చూపిస్తారు. అందులో సాధారణంగా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటాయి. మంగు మచ్చలకు డాక్టరు చూసి కొన్ని వారాలు మాత్రమే వాడించాల్సిన మందు అది. రాసిన కొద్ది రోజులకే మొహం తేటబడుతుంది. దాంతో ఒకరు చూసి ఒకరు మొదలుపెడతారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబారి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. మొటిమలు ముందుకన్నా ఎక్కువవుతాయి. మానేస్తే మంట, మళ్లీ రాస్తే చల్లన. ఇక వదిలేదెలా? స్టెరాయిడ్ క్రీములను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. అయినా ఇస్తున్నాం. నేనూ ఇచ్చాను.

మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. మొహం అంతా కమిలి ఉంటే 'ఎవడమ్మా నీకు ఈ క్రీము ఇచ్చింది' అని గట్టిగా అడిగాను. నేను భోజనానికి వెళ్లినప్పుడు మా షాపు కుర్రాడే ఇచ్చాడట! అప్పటికే ఆ పిల్ల ఇంట్లో చెప్పకుండా ఒక 'స్కిన్ క్లినిక్'లో ఆరు సిట్టింగ్‌ల ప్యాకేజీ కట్టేసింది. అక్కడ లేజర్ మెషిన్ పట్టుకున్నది బ్యూటీషియన్ కోర్సు చేసిన అమ్మాయి. ఏం క్రీము వాడుతున్నావని ఒక్కరూ అడగలేదు. రెండో సిట్టింగ్ తర్వాత రెండు చెంపల మీదా గళ్లు గళ్లుగా నల్లమచ్చలు తేలాయి. అడిగితే 'మీ స్కిన్ టైపే అంత' అన్నారట. స్కిన్ టైపు ముందే చూసుకోవాలి కదా. మన చామనఛాయ చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ. వేడి మోతాదు మించినా, చర్మం అప్పటికే దెబ్బతిని ఉన్నా, మచ్చ పోవడానికి బదులు కొత్త మచ్చ పడుతుంది.

అలాగని లేజర్‌నే తప్పుపట్టను. ఏది దేనికి వాడాలో తెలిసిన చేతిలో అది మంచి పరికరమే. మొటిమ తగ్గాక మిగిలే చదునైన నల్లమచ్చ వేరు, గుంట వేరు. నల్లమచ్చ చాలావరకు గిల్లకుండా, సన్‌స్క్రీన్ మానకుండా ఉంటే నెలల్లో దానంతటదే పలచబడుతుంది. అజెలాయిక్ యాసిడ్ లాంటి మందులు తోడ్పడతాయి. గుంటను మాత్రం ఏ క్రీమూ పూడ్చలేదు. సూది గుచ్చినట్టు లోతుగా దిగిన గుంటలో డాక్టర్లు ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ చుక్క పెడతారు. అలల్లా పల్లంగా ఉన్న చోట చర్మాన్ని కిందికి లాగిపట్టిన పోగులను సూదితో తెంచుతారు, దాన్నే సబ్‌సిషన్ అంటారు. వెడల్పు గుంటలకు సన్నటి సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, చుక్కలు చుక్కలుగా కిరణం వేసే ఫ్రాక్షనల్ లేజర్ ఉన్నాయి. ఒకే చెంప మీద ఈ మూడు రకాలూ ఉండొచ్చు. ముందు కొత్త మొటిమలు రాకుండా అదుపు చేయాలి. ఆ తర్వాత వారాల ఎడంతో సిట్టింగ్‌లు. అన్నీ చేశాక గుంటలు తగ్గుతాయి, అంతేగాని అద్దంలా అయిపోదు. ఈ మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

చివరికి పిల్లను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి స్కిన్ ఓపీకి తీసుకెళ్లాం. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నానికి చూశారు. డాక్టరమ్మ ముందు మెషిన్లన్నీ ఆపమంది. క్రీమును ఎలా మాన్పించాలో రాసిచ్చింది. 'ఈ ట్యూబు ఎక్కడ కొన్నావమ్మా' అని అడిగింది. పిల్ల నా వైపు చూడలేదు, అదే నయం.

అధికారులను అడిగేది పెద్దదేమీ కాదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మా షాపులకు వచ్చినప్పుడు ఎక్స్‌పైరీలతో పాటు ఈ ట్యూబుల బిల్లులకు చీటీలు ఉన్నాయో లేదో కూడా చూడాలి. లేజర్, కెమికల్ పీల్ (మందు రాసి చర్మం పైపొర ఊడగొట్టడం) చేసే ప్రతి చోటా, బోర్డు మీద పార్లర్ అని ఉన్నా సరే, డాక్టరు పేరు, చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు రిసెప్షన్ దగ్గర కనిపించాలి. 'కాస్మెటాలజిస్ట్' అని రాసుకుంటే సరిపోదు. ఎండీ డీవీఎల్ లాంటి చర్మవ్యాధుల చదువు ఉందో లేదో జనానికి తెలియాలి.

మీకూ ఒక మనవి. ప్రకటన తెచ్చేవారిని డబ్బుతో పాటు ఆ నంబరు కూడా అడగండి, ప్రకటనలోనే అచ్చు వేయండి. నా వంతుగా 'చీటీ లేనిదే ఈ ట్యూబులు ఇవ్వం' అని అట్ట మీద రాసి కౌంటర్ ముందు వేలాడదీశాను. నెల అయింది. కొందరు అది చదివి, ఏమీ మాట్లాడకుండా పక్క షాపుకు వెళ్తున్నారు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, ఖమ్మం